తెరచుకొనని ఫైళ్లు: అండమాన్ భాషాసామగ్రి రక్షణలో ఒక సమస్య

ఎమ్. వి. పోర్ట్‌మన్ దక్షిణ అండమాన్ తెగల భాషలను గూర్చి వ్రాసిన గ్రంథము 1898లో అచ్చయినది. నూట ఇరువది ఏండ్లు గడచిన పిదప కూడ ఆ పుస్తకమును బీరువా నుండి తీసి పుటలు త్రిప్పిన చాలును, చదువవచ్చును. అదే ద్వీపములలో సరిగా నూరేండ్ల తరువాత, 1998లో, కంప్యూటరున కెక్కించిన పదపట్టిక ఏదైన ఉన్నచో దానికి ఈ భాగ్యము తప్పక కలుగునని చెప్పుటకు వీలులేదు. ఫైలు ఉండును, దాని పేరు, పరిమాణము, తేదీ కనబడును, తెరువబోయినంతనే ఇది తెరచుటకు వీలుగానిదను సమాధానము వచ్చును. లేదా తెరచుకొనును గాని, లోపల ఏ భాషకును చెందని గుర్తులు బారులు తీరియుండును.

ఇతర ప్రాంతముల భాషాశాస్త్రజ్ఞునకు ఇది కాలహరణమే గాని సర్వనాశము కాదు. శ్రీకాకుళము జిల్లా మాండలిక పదపట్టిక పోయినచో మరల ఊరికి పోయి అడిగి వ్రాసికొనవచ్చును. గ్రేట్ అండమానీ విషయమున ఆ మార్గము మూసికొనిపోయినది. బో భాష ఎరిగిన చివరి వ్యక్తియగు బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించెను. సరే భాషకు చివరి వక్తగా గుర్తింపబడిన లీచో 2020 ఏప్రిలులో గతించెను. ఆచార్య అన్వితా అబ్బి వీరివంటివారి చెంత కూర్చుండి సేకరించిన సామగ్రి నిఘంటువుగను, 2013లో వెలువడిన వ్యాకరణముగను రూపొందినది గనుక కొంత మిగిలినది. కాని అచ్చయిన నిఘంటువు వెనుక అచ్చుకాని ధ్వనిముద్రలు, ముసాయిదాలు, పట్టికలు అనేకముండుట ఏ క్షేత్రపరిశోధనలోనైనను సహజము. అవి ఫైళ్లుగా ఉన్నవి. వక్త లేని భాషకు ఫైలే వక్త. అది నోరు విప్పనిచో అడుగుటకు మరియొకరు లేరు.

'తెరచుట' అను మాట ఒక్కటే యైనను అందు మూడు పనులు ఇమిడియున్నవి. తాళపత్ర ప్రతులను పరిష్కరించు విద్వాంసులకు ఈ విభాగము క్రొత్తది కాదు. ప్రతి చేతికి రాగానే ఆకులన్నియు ఉన్నవా, కొనలు విరిగినవా అని మొదట చూతురు; పిదప ఆకుల వరుస సరిచేయుదురు; పిదప లిపిని గుర్తింతురు. ఫైలు అనగా 0 మొదలు 255 వరకు గల సంఖ్యల వరుస. ఒక్కొక్క సంఖ్యకు బైటు అని పేరు. ఆ బైట్లన్నియు ఉండవలెను. అవి ఏ కట్టడము ననుసరించి కూర్చబడినవో చదువు ప్రోగ్రాము ఎరిగియుండవలెను. కడపట ఏ సంఖ్య ఏ అక్షరమునకు గుర్తో తెలియవలెను. ఈ మూటిలో ఏది తప్పినను ఫలితము పైకి ఒక్కటిగానే కనబడును. చికిత్సలు మాత్రము వేరు. ఆకులు పోయిన ప్రతికి లిపి తెలియని ప్రతికి చేయు వైద్యము చేసినచో ఉన్నదియు చెడును.

అందుచేత మొదటి పని మరమ్మతు కాదు, నకలు తీయుట. శాసన పరిశోధకుడు రాతిమీద ఉలి పెట్టడు. తడికాగితము నద్ది ముద్ర తీసికొని ఇంటికి వచ్చి చదువును. ఫైలు విషయమునను అంతే. మూలఫైలును తాకక, దాని నకలు మీదనే ప్రయత్నములన్నియు జరుగవలెను. నకలు మూలముతో బైటు బైటునకు సరిపోయినదని నిర్ధారించుటకు షా-256 అను గణనపద్ధతి కలదు. ఫైలు ఎంత పెద్దదైనను అది 64 అంకెలు, అక్షరములు గల ఒక ముద్రను ఇచ్చును. ఒక్క బైటు మారినను ముద్ర మారిపోవును. తెలియని ఫైలును ఏదో ఒక ప్రోగ్రాములో తెరచి, అడిగినదే తడవుగా భద్రపరచుమని ఆజ్ఞ ఇచ్చుట ఎక్కువ నష్టమునకు మూలము. చదువరాని ఫైలు చెడిన ఫైలు కాదు; చదువరాకుండ భద్రపరచిన ఫైలు మాత్రము నిజముగా చెడినట్టిదే.

ఇక మొదటి విషయము, బైట్ల లోపము. ద్వీపముల పరిస్థితి దీనికి అనుకూలమైనది కాదు. పోర్టుబ్లెయిరు (2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురము) ప్రాంతమున ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. గాలిలో తేమయు ఉప్పును ఎల్లప్పుడు ఉండును. విద్యుత్తు చిరకాలము డీజిలు యంత్రములపైననే ఎక్కువగా ఆధారపడినది. ఫైలు వ్రాయబడుచుండగా విద్యుత్తు పోయిన చోటనే అది తెగిపోవును. ప్రధాన భూభాగముతో సంబంధము ఉపగ్రహముల మీదనే నడచెను. చెన్నపట్టణమునుండి సముద్రగర్భమున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల తంతి 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. అంతకుముందు పంపబడిన పెద్ద ఫైళ్లలో నడుమ తెగినవి ఉండుట వింత కాదు. అట్టివానిని గుర్తించుటకు మూలపు పరిమాణముతో పోల్చుటకన్న తేలిక మార్గము లేదు. పంపినవారి యొద్ద 41,20,000 బైట్లున్న ఫైలు అందినవారి యొద్ద 30,00,000 బైట్లే ఉన్నచో ఏ పరికరముతోను ప్రయోజనము లేదు, మరల తెప్పించుకొనవలెను.

మరల తెప్పించుకొనుటకు వీలులేనప్పుడు ఏ భాగము పోయినదను ప్రశ్న వచ్చును. అన్ని ఫైళ్లును తెగినచోటి వరకు చదువబడవు. కేవల పాఠ్యఫైలు, ధ్వనిఫైలు తెగినంతవరకు పలుకును. ఛాయాచిత్రము పైభాగము కనబడి క్రింద బూడిదరంగు నిలుచును. జిప్ అను కట్ట మాత్రము వేరు. దాని విషయసూచిక గ్రంథముల యందువలె మొదట గాక చిట్టచివర ఉండును. నూటికి తొంబదితొమ్మిది పాళ్లు చేరి చివరి తునుక రాకున్నను కట్ట విప్పుకొనదు. నేటి వర్డ్ పత్రము, అనగా డాక్ఎక్స్ ఫైలు, లోపల జిప్ కట్టయే. కావున తెరచుకొనని డాక్ఎక్స్‌ను పత్రముగా చూడక కట్టగా చూచి, విషయసూచిక లేకయే లోని భాగములను వెదకి తీయు మరమ్మతు పరికరముల నుపయోగించినచో, 'డాక్యుమెంట్' అను పేరుగల పాఠ్యభాగము పలుమార్లు చెక్కుచెదరక దొరకును. బొమ్మలు, పుటల అమరిక పోవచ్చును. పదపట్టికకు అవి అంత ముఖ్యము కావు.

ధ్వనిఫైళ్ల కథ కొంత విస్తరించి చెప్పదగినది. క్షేత్రమున ఎక్కువగా వాడబడు వేవ్ ఫైలునకు సాధారణముగా 44 బైట్ల పీఠిక ఉండును. ఇది 82, 73, 70, 70 అను నాలుగు సంఖ్యలతో ఆరంభమగును. తరువాత మొత్తము పరిమాణము, క్షణమునకు ఎన్ని నమూనాలు, ఎన్ని మార్గములు అను వివరములుండును. ముద్రణ ముగిసినప్పుడే పరిమాణము సరిగా పూరింపబడును. బ్యాటరీ నడుమ ఆగినచో ఆ గడిలో సున్నయే నిలిచిపోవచ్చును. అప్పుడు ప్రోగ్రాము ఇందు ధ్వనియే లేదని తీర్మానించును. కాని ఫైలు పరిమాణము కోట్ల బైట్లుండును. క్షణమునకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి రెండు బైట్లు, రెండు మార్గములు అనుకొన్నచో గంటకు 63,50,40,000 బైట్లగును. ఈ లెక్కచేత లోపల ఎంతసేపటి ముద్రణ దాగియున్నదో తెరువకయే చెప్పవచ్చును.

ఇట్టి ఫైలును ఆడాసిటీ వంటి ప్రోగ్రాములో పీఠికను నమ్మకుండ, ముడిబైట్లుగా తీసికొనుమని ఆజ్ఞాపింపవచ్చును. అప్పుడు పీఠికలోని వివరములను మనుష్యుడే చెప్పవలెను. ఒక్క బైటు అటునిటు జరిగి మొదలుపెట్టినచో హోరు తప్ప మరేమియు వినబడదు. ఒక బైటు వదలి మరల ప్రయత్నించినచో అదే హోరులోనుండి కంఠము వెలువడును. ఇంతకన్న సూక్ష్మమైన ప్రమాదము వేగమునకు సంబంధించినది. 48,000 నమూనాల ముద్రణను 44,100గా చదివినచో మాట నూటికి ఎనిమిది పాళ్లు మందగించి స్వరస్థాయి కొంత దిగును. తెలుగు మాట యైనచో చెవి పట్టును. ఎవ్వరును మాటాడని భాషలో, ఎరుగని వృద్ధురాలి కంఠమున, ఇది సహజస్వరమా కాదా అని చెప్పగల చెవి ఏది? అచ్చుల నిడివిని కొలుచు ధ్వనిశాస్త్రజ్ఞుడు తప్పుడు కొలతలను నిశ్శంకముగా ప్రకటించును. ఇచ్చట సహాయపడునది ప్రశ్న వేసినవారి గొంతు. అండమానులో క్షేత్రపరిశోధన తరచు హిందీ మాధ్యమమున సాగును. పరిశోధకుడు హిందీలో వేసిన ప్రశ్నయు అదే ముద్రలో నిలిచియుండును. తెలిసిన భాష, తెలిసిన కంఠము ఏ వేగమున సరిగా పలుకునో ఆ వేగమే సమాధానమునకును సరియైనది. సంపాదకులు ముద్రలను శుభ్రపరచు నెపమున ప్రశ్నలను కత్తిరించి పారవేయుట కలదు. ఆ అలవాటు మానదగినది.

బైట్లన్నియు ఉండి కట్టడము తెలియనప్పుడు ఫైలు పేరు చివరనున్న తోక చూచి నిర్ణయించుట వాడుక. అది పుస్తకమునకు అట్టమీద అంటించిన చీటివంటిది, ఎవరైన మార్చవచ్చును. డాక్ అను తోకను పిడిఎఫ్ అని మార్చినచో పత్రము పిడిఎఫ్ కాదు, తెరచుకొనుట మానివేయును, అంతే. నమ్మదగినది మొదటి కొన్ని బైట్లు. 37, 80, 68, 70 ఉన్నచో పిడిఎఫ్. 80, 75, 3, 4 ఉన్నచో జిప్ కుటుంబము (వీనిలో మొదటి రెండును ఆ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరములు). 208, 207, 17, 224 ఉన్నచో పాత వర్డ్, ఎక్సెల్ పత్రముల తరగతి. 255, 216, 255 ఉన్నచో జెపెగ్ చిత్రము. ఏ ఫైలునైనను సంఖ్యలుగా చూపు చిన్న ప్రోగ్రాములు ఉచితముగా లభించును. పేజ్‌మేకరు ఫైళ్లకు మాత్రము గుర్తింపు చాలదు. తెలుగు ముద్రణలో చిరకాలము రాజ్యమేలిన ఆ ప్రోగ్రాము 2001లో వెలువడిన ఏడవ కూర్పుతో ఆగిపోయెను. ఇన్‌డిజైను 2012 నాటి సిఎస్-6 కూర్పు వరకు దానిని తెరచుచుండెను, తరువాతివి తెరువవు. కావున అట్టి ఫైళ్లు గలవారు పాత కంప్యూటరు నొకదానిని పనిచేయు స్థితిలో నుండగనే వినియోగించుకొనవలెను.

మూడవ విషయము అక్షరములది. తెలుగువారికి ఇదియే సన్నిహితము. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు 50 వేలకు పైగా, అనగా నూటికి పదుమూడు మంది. వీరిలో పెక్కుమంది ఉత్తర కోస్తా జిల్లాలనుండి వెడలినవారి సంతతి. ఈ సమాజపు ఆహ్వానములు, సంచికలు, పాఠములు, కరపత్రములు ఆ ద్వీపముల తెలుగు ఎట్లు మారుచున్నదో తెలుపు సాక్ష్యములు. వానిని ఫైళ్లుగా సేకరింపబోయిన పరిశోధకునకు మూడు విధముల దృశ్యము లెదురగును. వీనిని వేరుపరచుకొనుట తెలిసినచో సగము పని అయినట్లే.

అక్షరమునకు బదులు ఖాళీ గడులు కనబడినచో అక్షరము క్షేమముగనే ఉన్నది. దానిని చూపు ఫాంటు మాత్రము ఆ యంత్రమున లేదు. ఫాంటు చేర్చిన చాలును. అక్షరములకు బదులు ప్రశ్నార్థకములే కనబడినచో విషయము విషమించినది. ఎవరో ఆ పాఠమును తెలుగు ఎరుగని సంకేతవ్యవస్థలో భద్రపరచిరి. ప్రతి అక్షరమును 63 అను ఒకే సంఖ్యగా మారిపోయినది. క, గ, మ అన్నియు 63 అయిన పిదప ఏది ఏదో చెప్పగల విద్య లేదు. మూడవది అర్థము కాని గుర్తుల గుంపు. చూచుటకు ఇదియే భయంకరము. వాస్తవమునకు ఇది చాలవరకు సాధ్యమైన రోగము. సంఖ్యలు అన్నియు ఉన్నవి, తాళపుచెవి మాత్రము మారినది.

ఆ గుంపు యొక్క రూపమే తాళపుచెవిని సూచించును. యూనికోడులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు స్థానములు కేటాయింపబడినవి. యుటిఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. మొదటిది ఎల్లప్పుడు 224, రెండవది 176 గాని 177 గాని. క అను అక్షరము 224, 176, 149. దీనిని పాశ్చాత్య రోమను పద్ధతిలో చదివినచో 224 తలపై గీటుగల 'ఎ'గను, 176 డిగ్రీ గుర్తుగను, 177 కూడికతీసివేతల జంట గుర్తుగను కనబడును. తలపై గీటుగల 'ఎ', దాని ప్రక్క డిగ్రీ గుర్తు పుటనిండ కనబడినచో అది నిస్సంశయముగా యూనికోడు తెలుగు. ప్రోగ్రామునకు యుటిఎఫ్-8గా చదువుమని చెప్పిన వెంటనే తెలుగై నిలుచును. గుర్తులలో ఆ జంట లేక, రోమను అక్షరములు, విరామచిహ్నములు, విదేశపు అచ్చులు కలగాపులగముగా ఉన్నచో అది అను, శ్రీలిపి, ఆకృతి వంటి పాత ఫాంట్ల పని కావచ్చును. ఆ ఫాంట్లు అక్షరమునకు గాక ఆకృతిఖండమునకు సంఖ్యనిచ్చినవి. తలకట్టు ఒక సంఖ్య, గుడి ఒక సంఖ్య, వత్తు ఒక సంఖ్య. ఒక ఫాంటు పట్టిక మరియొకదానికి చెల్లదు. కావున మార్పిడికి ముందు ఫాంటు పేరు తెలియవలెను. ఫాంటు యంత్రమున లేకున్నను వర్డ్ పత్రమున దాని పేరు భద్రముగా నిలిచియుండును. తెలియని గుర్తులపై నుంచి ఫాంటు పేరుగడిని చూచిన చాలును. పిడిఎఫ్‌లో నైనచో లక్షణముల పట్టికలో దొరకును.

వీనికి వేరుగా ఇస్కీ అను సంకేతవ్యవస్థ 1991లో భారతీయ ప్రమాణమైనది. అందు అన్ని లిపుల ककారమునకును ఒకే సంఖ్య. లిపి ఏదో చెప్పు గుర్తు పోయినచో తెలుగు పాఠము నాగరలిపిలో కనబడును. యూనికోడు ఈ క్రమమునే అనుసరించినందున నాగరి కకారము 2325, తెలుగు కకారము 3093, భేదము 768. పొరపాటున నాగరిలోనికి మారిన తెలుగు పాఠమును 768 కలిపి మరల తెలుగు చేయవచ్చును. అండమాను వంటి బహుభాషాప్రాంతమున హిందీ యంత్రములపై తెలుగు పత్రములు నడచినచోట ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

భాషాశాస్త్రజ్ఞుల స్వంత ఫైళ్లు కొన్ని తెరచుకొనుటకు మొరాయించునట్లు తోచును గాని నిజమునకు అంత కఠినమైనవి కావు. టూల్‌బాక్స్ నిఘంటువు కేవల పాఠ్యఫైలు. వాలుగీతతో మొదలగు గుర్తులు గల పంక్తులే అందుండును. ఆ ప్రోగ్రాము లేకున్నను ఏ పాఠ్యసంపాదకముతోనైన చదువవచ్చును. ఎలాన్ ఫైలు ధ్వనిని తనలో దాచుకొనదు, ధ్వనిఫైలు చిరునామా మాత్రమే వ్రాసికొనును. ధ్వనిఫైలు పేరు మార్చినను, వేరు అరకు తరలించినను సంబంధము తెగును. చిరునామా చూపిన మరల కలియును.

అసలు ప్రమాదము తెరచుకొనని ఫైళ్లలో కన్న తప్పుగా తెరచుకొన్న ఫైళ్లలో ఎక్కువ. గుర్తుల గుంపును చూచి ఎవ్వరును మోసపోరు. రోమను అక్షరములలో తెలుగు వ్రాయు ఆర్టిఎస్ పద్ధతిలో చిన్న 'టి' తకారము, పెద్ద 'టి' టకారము. ఆ పద్ధతిలో పట్టికను వర్డ్‌లో టైపు చేసినచో వాక్యారంభమున పెద్ద అక్షరము ఉండవలెనని అది తనంతట తానే సరిదిద్దును. 'తల' అనునది 'టల' యగును. తెలుగు చదువరి నవ్వి దిద్దుకొనును. ఇదే సంకేతము నవలంబించి గ్రేట్ అండమానీ పదములు వ్రాసినచో ఏమగును? ఆ భాషలో దంత్య మూర్ధన్య భేదము అర్థభేదకము. పట్టికలో పదాదిని మూర్ధన్యములు విస్తారముగా కనబడును, పదమధ్యమున దంత్యములు కనబడును. దానినుండి ఒక ధ్వనిసూత్రమే పుట్టవచ్చును. ఆ సూత్రము భాషకు గాక వర్డ్‌కు చెందినదని పట్టుకొనుటకు ధ్వనిముద్ర ఒక్కటే ఆధారము.

అందుచేతనే పాత ధ్వనిలిపి ఫాంట్లనుండి యూనికోడునకు మార్చునప్పుడు మార్చిన రూపమును ఉంచి పాతదానిని తుడిచివేయుట తగదు. టూల్‌బాక్స్‌లో ప్రతి ఆరోపమునకు క్రొత్త పంక్తి నొకదానిని చేర్చుటకు అవకాశమున్నది. అందు మూలపు బైట్ల రూపమును ఉన్నదున్నట్లు నిలుపవలెను. ఫాంటు పేరును, మార్పిడికి వాడిన పట్టికను, మార్చిన తేదీని ప్రక్కన ఒక చిన్న పాఠ్యఫైలులో వ్రాసి ఉంచవలెను. ధ్వనిఫైలు పేరును, పదము వినబడు నిమిషమును, సెకనును మరియొక పంక్తిలో చేర్చినచో, దంత్యమా మూర్ధన్యమా అను సందేహము కలిగిన పాఠకుడు అదే చోట వినగలడు.